బానెట్ ఎత్తి చూపించండి

(ఒంగోలులో ఇంజనీరింగ్ విద్యార్థులు, కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు కలిసి పెట్టుకున్న ఆదివారం సభలో, నెల్లూరులో పాత జపాన్ కార్లకు పని చేసే ఒక మెకానిక్ మాట్లాడినది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డ పిలకాయలు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. నాకు మైకు అలవాటు లేదు. షెడ్డులో గ్రైండరు మోత మీద అరిచి అరిచి గొంతు ఇట్టా అయింది, కోపంగా మాట్లాడుతున్నానని మాత్రం అనుకోబాకండి.

లోపలికి వస్తా గ్రౌండ్‌లో పెట్టిన కార్లు చూశాను. సిటీలు ఉన్నాయి, లాన్సర్లు ఉన్నాయి, స్విఫ్టులు సరేసరి, ఏపీ 26లు, ఏపీ 27లు, కొత్త 39లు అన్నీ వరసగా బాగా పెట్టారు. ఒక సంగతి చూశారా మీరు? డిక్కీలు అన్నీ ఎత్తి ఉన్నాయి. ఊఫర్లు, లైట్లు, యాంప్లిఫయర్లు అన్నీ కనపడతా ఉన్నాయి. బానెట్ ఎత్తిన కారు ఒక్కటైనా ఉందా? నాకైతే కనపడలేదు. జపాన్ కారు కొనుక్కున్నదే ఇంజిన్ కోసం కదా, మరి దాన్ని ఎందుకు మూసిపెట్టారు? నేను ఇవాళ మాట్లాడేదంతా ఆ మూసిపెట్టిన బానెట్ గురించే.

ముందే చెప్తున్నా, షో చేయడం తప్పని చెప్పడానికి నేను రాలేదు. కష్టపడి డబ్బు పెట్టి, రాత్రిళ్ళు కూర్చుని కారు చేసుకున్నవాడు నలుగురికీ చూపించుకోకుండా ఎందుకుంటాడు? చూపించుకోవాలి. ఏం చూపిస్తున్నాం అనేదే నా గొడవ.

జపాన్‌లో ఏం జరిగిందో చెప్తాను. 1989లో నిస్సాన్ వాళ్ళు స్కైలైన్ జీటీ-ఆర్ దించారు, ఆర్32 అంటాం కదా, అది. 2.6 లీటర్ల ఇంజిన్, వరసగా ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు, నాలుగు చక్రాలకూ పవర్. ఆస్ట్రేలియాలో బాథర్‌స్ట్ రేసు 1991లో ఒకసారి, 1992లో ఒకసారి కొట్టుకొచ్చింది, గాడ్జిల్లా అని పేరు పెట్టింది కూడా అక్కడివాళ్ళే. అంతటి కారుకు కంపెనీ కాగితం మీద ఎంత రాశారు? 280 హార్స్‌పవర్. టయోటా సుప్రాకు ఎంత? జపాన్‌లో అమ్మినదానికి 280. మిత్సుబిషి వాళ్ళు ర్యాలీల కోసం చేసిన లాన్సర్ ఎవోకి? 280. ఏందబ్బా, అందరికీ ఒకే మార్కులు? ఎందుకంటే అక్కడి కంపెనీలన్నీ కలిసి, 280 దాటి అమ్మకూడదని మాట అనుకున్నాయి. చట్టమేం కాదు, పెద్దమనుషుల ఒప్పందం. 2004లో హోండా లెజెండ్ 300తో వచ్చిందాకా ఆ మాట మీదే నిలబడ్డారు.

నిలబడ్డారంటే, కాగితం మీద నిలబడ్డారు. టర్బో ఇంజిన్‌లోకి గాలిని తోసే ప్రెషర్‌ను బూస్టు అంటాం. ఆర్32లో బూస్టు గొట్టంలో సన్న రంధ్రం ఉన్న చిన్న ముక్క ఒకటి పెట్టి, బూస్టు తగ్గించి అమ్మారు. ఆ ముక్క తీస్తే బూస్టు లేచేది. అసలు ఇంజిన్ కట్టిందే అంతకంటే చాలా ఎక్కువ పవర్ మోయడానికి. సుప్రాలో 2జేజడ్ ఇంజిన్‌ది పోత ఇనుము బ్లాకు, ఇప్పటికీ ప్రపంచమంతా ఆ ఇంజిన్ వెతుక్కుని కొనేది అందుకే. చూడండి, వాళ్ళు లోపల ఎక్కువ పెట్టి బయట తక్కువ చెప్పుకున్నారు. మనం? 106 హార్స్‌పవర్ సిటీకి సైలెన్సర్ మార్చి, బైపాస్ మీద ఒక రౌండు కొట్టి వచ్చి, "అన్నా, ఇప్పుడు 150 ఉంటుందన్నా" అంటాం. యాడ కొలిచావురా అంటే నవ్వుతాడు.

నవ్వండి, నవ్వండి. మీలో కొందరు నాతో అన్నవాళ్ళే.

ఇప్పుడు మన చేతికి వచ్చే కార్ల సంగతికి వద్దాం. స్కైలైన్లు, సుప్రాలు, మాజ్డా ఆర్ఎక్స్-7లు మనకు ఫోన్లో చూసుకోవడానికే. ఆర్35 జీటీ-ఆర్ ఒక్కటి 2016 డిసెంబరులో మన దేశంలో అధికారికంగా అమ్మకానికి వచ్చింది, షోరూమ్ ధరే 1 కోటి 99 లక్షలు, అది కూడా 2025 ఆగస్టులో తయారీ ఆగిపోయింది. పోనీ పాతది ఓడలో తెప్పించుకుందామా అంటే, మూడేళ్ళు దాటిన సెకండ్ హ్యాండ్ కారు మామూలుగా దిగుమతి చేసుకోవడానికి వీల్లేదు, చేసుకునేవాటికి కూడా కట్టే డ్యూటీతో నెల్లూరులో ఇల్లు వస్తుంది. అన్నట్టు ఆ ఆర్35 ఇంజిన్ మీద, దాన్ని చేత్తో బిగించిన పనివాడి పేరుతో చిన్న ప్లేటు ఉంటుంది. యోకోహామా ఫ్యాక్టరీలో ఆ పని చేసేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. పేరు ఎక్కడ పెట్టారు? డోరు మీద కాదు, గ్లాసు మీద స్టిక్కరు కాదు. బానెట్ కింద.

సరే, మనకున్నవి ఏంది? పాత హోండా సిటీ, 1998లో వచ్చినది. అందులో 2000 ప్రాంతంలో వచ్చిన 1.5 వీటెక్, 106 హార్స్‌పవర్, మన కుర్రాళ్ళకు అందుబాటు ధరలో దొరికిన అసలైన జపాన్ ఇంజిన్ అదే. 2003లో కొత్త సిటీ వచ్చినప్పుడు అదే 1.5లో 77 హార్స్‌పవరే ఇచ్చారు, మైలేజీ పెరిగింది, మా లాంటి వాళ్ళకు ఏడుపొచ్చింది. ఇంకోటి మిత్సుబిషి లాన్సర్, అదీ 1998లోనే. అది యాడ తయారైందో తెలుసా? తిరువళ్లూరులో, హిందుస్తాన్ మోటార్స్ వాళ్ళ ఫ్యాక్టరీలో. తడ దాటితే వచ్చే జిల్లానే. మన పక్కింట్లో పుట్టిన కారది.

ఈ వీటెక్ గురించి కొంచెం టైము తీసుకుంటాను, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే సిటీల్లో సగం కథ ఇక్కడే ఉంటుంది. మెకానికల్ వాళ్ళు చదువుకునే ఉంటారు, మిగతావాళ్ళ కోసం చెప్తాను. వాల్వు ఎంత ఎత్తు లేవాలి, ఎంతసేపు తెరుచుకుని ఉండాలి అనేది కామ్‌షాఫ్ట్ మీద ఉండే ముక్కు నిర్ణయిస్తుంది. చిన్న ముక్కు అయితే ఊళ్ళో మెత్తగా పోతుంది, మైలేజీ వస్తుంది, హైవేలో ఊపిరాడదు. పెద్ద ముక్కు అయితే పైన చించేస్తుంది, సిగ్నల్ దగ్గర వణుకుతుంది. హోండా వాళ్ళు ఏం చేశారు? రెండు రకాలూ పెట్టారు. రెండు పక్కలా చిన్న ముక్కులు, మధ్యలో పెద్దది. మామూలుగా తోలేటప్పుడు పక్కవి పని చేస్తాయి. 5,000 ఆర్‌పీఎం ప్రాంతానికి వచ్చేసరికి ఇంజిన్ ఆయిల్ ప్రెషర్‌తో ఒక చిన్న పిన్ను జరిగి, వాల్వులను నొక్కే చేతుల్లాంటి రాకర్లు మూడింటినీ కలిపి బిగించేస్తుంది. అప్పటినుంచి వాల్వులు పెద్ద ముక్కు మాట వింటాయి. ఆ గొంతు మారడం ఉంది చూశారా, అది సైలెన్సర్ శబ్దం కాదు, ఇంజిన్ గాలి పీల్చే శబ్దం.

ఇప్పుడు చెప్పండి, ఆ పిన్నును జరిపేది ఏంది? ఆయిల్. అంటే ఆయిల్ బాగా లేకపోతే? వీటెక్ లేదు. అంతే.

ఒక అబ్బాయి సిటీ తెచ్చాడు. నేవీ బ్లూ, బాగా ఉంచాడు, పైన ధూళి కూడా లేదు. "అన్నా, హైవేలో లాగడం లేదు, హెడర్స్ వేసి ఫ్రీ ఫ్లో పెట్టు" అన్నాడు, అంటే పొగ గొట్టాలు, సైలెన్సర్ మార్చమని. నేను సరే చూద్దాం అని, హెడ్ పక్కన వీటెక్‌కు ఆయిల్ దారి తెరిచే సోలెనాయిడ్ ఉంటుంది, మూడు బోల్టులు, దాన్ని విప్పాను. దాని వెనక రబ్బరు గ్యాస్కెట్‌లో చిన్న జాలీ ఉంటుంది, వేలి గోరంత. ఆయిల్ అందులోంచి పోవాలి. చూస్తే ఆ జాలీ కనపడడం లేదు, నల్లగా గట్టి మడ్డి పట్టేసి రేకు ముక్క లాగా ఉంది. ఆ అబ్బాయి చేతిలో పెట్టి లైటు వైపు పట్టుకుని చూడమన్నాను. ఒక్క చుక్క వెలుతురు రాలేదు. కొత్త గ్యాస్కెట్ వేసి, ఆయిల్ ఫిల్టర్ మార్చి, కొంచెం తోలాక మళ్ళీ ఒకసారి ఆయిల్ మార్చి ఇచ్చాను. వాడు సింహపురి దాటి కావలి రోడ్డు మీద లాగి, ఫోన్ చేసి, "అన్నా, ఏం వేశావు?" అన్నాడు. ఏం వేయలేదు నాయనా. హోండా వాడు ముందే వేశాడు, నువ్వు మూసిపెట్టావు.

అందుకే నా దగ్గర మొదటి మాడిఫికేషన్ అంటే కారును ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి స్థితికి తేవడం. ఇది చెప్తే చాలామందికి నచ్చదు, డబ్బు ఖర్చవుతుంది, ఫోటోలో కనపడదు. ఇంజిన్ మౌంటింగులు, బుష్‌లు, షాకప్స్, ప్లగ్గులు, రేడియేటర్ గొట్టాలు, ఇవి ఇన్‌స్టాలో పెడితే ఎవడు లైక్ కొడతాడు? కానీ ఇరవై ఏళ్ళు దాటిన కారులో 106 హార్స్‌పవర్‌లో ఎన్ని మిగిలి ఉన్నాయో తెలియకుండా, దాని మీద ఇంకో ఇరవై ఎక్కించడం ఏంది?

ఒంగోలులో నిలబడి బలం గురించి నేను చెప్పాలా! మీ ప్రకాశం జిల్లాలో బండలాగుడు పోటీలకు గిత్తలను తయారుచేసే రైతును చూడండి. ఉలవలు, పత్తిగింజలు పెడతాడు, నడిపిస్తాడు, డెక్కలు చూస్తాడు, కాళ్ళు చూస్తాడు. కొమ్ములకు కుప్పెలు, మెడలో గంటలు, మూపు మీద పట్టుబట్ట ఎప్పుడు? పోటీ రోజు. ఆయనకు షో తెలియదా? మనకంటే బాగా తెలుసు. ముందు కుప్పెలు తొడిగి, తర్వాత మేత సంగతి ఆలోచించే రైతు ఒక్కడిని చూపించండి.

లాన్సర్ వాళ్ళు అలగకండి గానీ ఒక మాట. ఎవో బంపరు, ఎవో వింగు, బానెట్ మీద రంధ్రాలు, అన్నీ ఫైబర్‌లో చేయించి పెడతారు. అసలు ఎవోలో ఆ బానెట్ రంధ్రం ఎందుకుంది? లోపల టర్బో వేడి బయటికి పోవడానికి. ముందు బంపరు అంత పెద్ద నోరు ఎందుకు తెరుచుకుని ఉంది? వెనక టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఉంది కాబట్టి. టామీ మాకినెన్ 1996 నుంచి 1999 దాకా వరసగా నాలుగేళ్ళు ప్రపంచ ర్యాలీ చాంపియన్ అయింది ఆ కార్లతోనే, ఆ రంధ్రాలన్నీ పనికోసం పెట్టినవి. మన లాన్సర్ పెట్రోల్ 1.5, దానికి 90 లోపు. డీజిల్ అయితే 70 లోపు. డీజిల్ లాన్సర్‌కు ఎవో కిట్ పెట్టినవాళ్ళు కూడా ఉన్నారు, పేర్లు చెప్పను, ఒకాయన ఇక్కడే రెండో వరసలో ఉన్నాడు. ఆ రంధ్రంలోంచి లోపలికి పోయేది ఏంది సామీ? వాన నీళ్ళు. వానొస్తే ప్లగ్గుల దగ్గర నీళ్ళు చేరి మిస్‌ఫైర్ అని నా దగ్గరికే వస్తారు.

చక్రాలది కూడా ఇదే కథ. రేస్ (Rays) అనే జపాన్ కంపెనీ వాళ్ళ టీఈ37 చక్రం అందరికీ తెలుసు, 1996లో వచ్చింది. ఆ 37 అనే అంకె ఏంటో తెలుసా? 15 అంగుళాల చక్రం బరువు 3.7 కిలోలు. తేలిక, అదే దాని గొప్ప. చక్రం తేలికైతే కారు త్వరగా లేస్తుంది, త్వరగా ఆగుతుంది, షాకప్‌కు పని తగ్గుతుంది. మన మార్కెట్‌లో దొరికే దాని కాపీని ఎప్పుడైనా తూకం వేశారా? పచారీ కొట్టు త్రాసు మీద పెట్టి చూడండి. ఆ తూకం చూశాక కంపెనీ చక్రమే నయం అంటారు.

ఇప్పుడు బ్రేకులు, టైర్లు. ఇక్కడ జోకులు లేవు. టైరు పక్కన డాట్ (DOT) అని అక్షరాలు ఉంటాయి, దాని చివర నాలుగు అంకెలు, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2317 అని ఉంటే 2017లో 23వ వారంలో చేసింది. బయటికి పోయాక మీ టైర్లు మీరే చూసుకోండి. గాట్లు బాగానే ఉన్నాయి కదన్నా అంటారు. గాట్లు ఉంటాయి, రబ్బరు గట్టిపడి ఉంటుంది, మన ఎండకు ఇంకా త్వరగా గట్టిపడుతుంది. బ్రేక్ ఆయిల్ అయితే గాల్లో తేమ పీల్చుకుంటుంది, తేమ చేరేకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది, మరిగితే పెడల్ నేలకు పోతుంది. సముద్రం పక్కన ఉన్నాం మనం. మైపాడు, కొత్తపట్నం బీచ్‌కు పోయి ఇసుకలో రీల్స్ చేసుకునేవాళ్ళు ఇంటికొచ్చాక పైన కాదు, అడుగున మంచినీళ్ళు కొట్టండి. ఉప్పు పైన కనపడదు, కింద తింటా ఉంటుంది.

టర్బో కావాలనేవాళ్ళకు ఎండ గురించి చెప్పాలి. జపాన్ ఫోరమ్ చూసి, వాడు ఇంత బూస్టు పెట్టాడు నేనూ పెడతా అంటారు. వాడి ఊళ్ళో గాలి 25 డిగ్రీలు అనుకోండి, మే నెలలో మనకు 45. లెక్క వేయండి, గాలి సాంద్రత ఆరు శాతం పడిపోతుంది, మీ ఇంజిన్ ఆరు శాతం తక్కువ పీలుస్తోంది. అది పోతే పోయింది, వేడి గాలి వల్ల నాకింగ్ మొదలవుతుంది, స్పార్క్ వెలిగించిన మంట వచ్చి చేరకముందే, మిగిలిన పెట్రోలు తనంతట తానే ఇంకోచోట అంటుకుంటుంది. పెట్రోలు ఈ నాకింగ్‌ను ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె ఆక్టేన్. జపాన్‌లో వాడు పోసేది 100 ఆక్టేన్. మనకు మామూలు బంకులో చాలా ఏళ్ళు దొరికింది 91, 100 ఆక్టేన్ అనేది 2020 చివర్లో ఇండియన్ ఆయిల్ కొన్ని నగరాల్లో మొదలుపెట్టింది. ఇప్పుడు 20 శాతం ఇథనాల్ వచ్చింది. ఇథనాల్‌తో ఆక్టేన్ పెరుగుతుంది, అది మంచిదే. కానీ లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ, కాబట్టి ఎక్కువ పోయాలి, పాత ట్యూన్, అంటే ఇంజిన్‌కు పెట్రోలు ఎంత పోవాలనే సెట్టింగు, అలాగే వదిలేస్తే మిక్చర్ పలచబడుతుంది. పలచని మిక్చర్, వేడి గాలి, బూస్టు, మూడూ కలిస్తే పిస్టన్ మీద రంధ్రం. పాత కార్లలో పెట్రోలు గొట్టాలు కూడా ఇథనాల్ కోసం చేసినవి కావు, చేత్తో నొక్కి చూడండి, పగుళ్ళు ఉంటే ఆ రోజే మార్చేయండి. ట్యూన్ చేయించుకుంటే మీరు రోజూ పోయించుకునే బంకు పెట్రోలు మీదే చేయించుకోండి, ఇదొక్కటి గుర్తుంటే చాలు.

సైలెన్సర్ విషయం. గొట్టం ఎంత లావుంటే అంత పవర్ అనుకుంటారు. చిన్న ఇంజిన్‌కు మరీ లావు గొట్టం పెడితే పొగ వేగం తగ్గుతుంది, కింద లాగుడు పోతుంది. శబ్దం పెరిగింది కాబట్టి స్పీడు పెరిగినట్టు అనిపిస్తుంది, అంతే. డైనో మీద ఎక్కించండి, అది కారు పవర్ కొలిచే యంత్రం. చెన్నైలో, బెంగళూరులో ఉన్నాయి. చక్రాల దగ్గర కొలిస్తే 106 సిటీకి 90 చుట్టుపక్కల వస్తుంది, గేర్‌బాక్స్, యాక్సిల్స్ కొంత తినేస్తాయి, అది చూసి దిగులు పడబాకండి. మార్చకముందు ఒక కాగితం, మార్చాక ఒక కాగితం. ఆ రెండు కాగితాలూ బానెట్ కింద అంటించి పెట్టుకోండి, అంతకంటే షో ఏముంది?

యోకోహామాలో దైకోకు అని హైవే పక్కన పార్కింగ్ స్థలం ఉంది, ప్రపంచంలో కార్ల పిచ్చి ఉన్నవాళ్ళందరికీ తెలిసిన చోటు. అక్కడ కూడా గోల ఎక్కువైతే పోలీసులు మైకులో చెప్పి అందరినీ పంపించి మూసేస్తారు. అక్కడ మజా అంతా ఆపిన కార్ల చుట్టూ తిరిగి, ఒకరి ఇంజిన్ ఒకరు వంగి చూసుకోవడంలో ఉంది. మనం మినీ బైపాస్ మీద రాత్రి పదకొండింటికి పటపటమని పేలుస్తా పోతే చూసేది ఎవరు? ఆసుపత్రుల్లో పడుకున్నవాళ్ళు.

చట్టం కూడా చెప్పి ముగిస్తాను, పెద్దవాళ్ళు దీని కోసమే నన్ను పిలిచి ఉంటారు. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ అని ఉంది, ఆర్‌సీలో ఉన్న, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా కారు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణ తర్వాత యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయలు, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఒక్కో మార్పుకు అన్నాను, విన్నారా? రంగు మార్చాలంటే ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. అద్దాలకు నల్ల ఫిల్మ్ 2012లోనే సుప్రీంకోర్టు వద్దంది. శబ్దానికి, పొగకు 10,000 దాకా, పైగా లైసెన్సు మూడు నెలలు పోతుంది. ఇన్సూరెన్స్ వాడికి చెప్పకుండా మార్చిన కారు గుద్దుకుంటే క్లెయిము దగ్గర పేచీ వస్తుంది, అప్పుడు పోయేది మీ నాన్న డబ్బు.

లాగాలని ఉందా, పోయి లాగండి. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల ట్రాక్ ఉంది, నెల్లూరు నుంచి తెల్లారుజామున బయల్దేరితే టిఫిన్ టైముకు చేరతారు. హెల్మెట్ పెట్టుకుని, అంబులెన్సు పక్కన ఉండగా లాగొచ్చు.

ప్రశ్నలా? అడగండి. అట్టా కాదు, మైకు దగ్గర పెట్టుకో తమ్ముడూ.

కొరిసపాడు దగ్గర హైవే మీద విమానాలు దిగడానికి వేసిన రన్‌వేలో డ్రాగ్ రేసు పెట్టుకోవచ్చా అని అడుగుతున్నాడు. నాయనా, అది ఎయిర్ ఫోర్స్ వాళ్ళ కోసం వేసింది, మిగతా రోజుల్లో లారీలు పోయే నేషనల్ హైవే. తిన్నగా, నున్నగా నాలుగు కిలోమీటర్లు ఉందని నాకూ నోరూరుతుంది, కానీ రోడ్డు మీద పందెం కడితే 189 సెక్షన్, మొదటిసారికే మూడు నెలల దాకా జైలు. పైగా పక్క పొలాల్లోంచి గేదెలు వస్తాయి.

చివర్లో ఉన్నబ్బాయి. చెన్నైలో పాత కారు సామాన్లు అమ్మే పుదుప్పేటలో ఎవో ఇంజిన్ దొరుకుతోందట, లాన్సర్‌లో వేయవచ్చా అంటున్నాడు. వేయవచ్చు అనేవాళ్ళు చాలామంది దొరుకుతారు నీకు. ఇంజిన్ రేటు చూసి ఆశపడబాక, అది ఖర్చులో చిన్న భాగం. నీ గేర్‌బాక్స్ ఆ టార్క్‌కు నిలవదు, యాక్సిల్స్ నిలవవు, మౌంటింగులు వేరు, ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ ఈసీయూ, వైరింగు మొత్తం వేరు, బ్రేకులు మార్చాలి, ఎవోకి నాలుగు చక్రాలకూ పవర్ పోతుంది, నీ బండికి వెనక డిఫరెన్షియలే లేదు. ఇవన్నీ చేశాక కూడా ఆర్‌సీలో ఉన్నది ఒక ఇంజిన్ నంబరు, బ్లాకు మీద ఇంకో నంబరు, ఆ దొరికిన ఇంజిన్ అసలు ఏ కారుదో, దానికి బిల్లు ఉందో లేదో తెలియదు. ముందు ఆర్‌టీఓ ఆఫీసుకు పోయి, రాతపూర్వకంగా అనుమతి ఇస్తారేమో కనుక్కో. ఇస్తామంటే అప్పుడు పుదుప్పేటకు పో, నేనూ వస్తా, ఇంజిన్ చూడాలని నాకూ ఉంది.